పోర్ట్‌లాండ్‌లో చాక్లెట్ స్టౌట్.. 60 రోజుల్లో

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో వాన తగ్గాక బయల్దేరదాం అనుకుంటే ఏ పనీ అవదు. ఆ శనివారం వానలోనే స్టెయిన్‌బార్ట్ షాపుకి వెళ్లాం. ఇంట్లో బీరు కాసుకునేవాళ్ల కోసం 1918 నుంచీ నడుస్తున్న షాపది. లోపల రకరకాల బార్లీ గింజలు. మన కిరాణా కొట్లో పప్పులు కొన్నట్టే తూకం వేయించుకుని, అక్కడే మర పట్టించుకుని తెచ్చుకోవడమే.

అక్కడ ఇంట్లో బీరు కాయడం తప్పు కాదు. ఫెడరల్ చట్టం ప్రకారం ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే 200. అమ్మకూడదంతే. మన దగ్గర లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజ్ కేసే. ఇది చదివి మేడ మీద మొదలెట్టకండి బాబూ!

ఐడియా మా రూమ్మేట్‌ది. వాడిది ఏలూరు దగ్గర పెదవేగి వైపు. అప్పటికి ఉద్యోగం పోయి తొమ్మిది రోజులు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు టైమిస్తారు. ఈలోగా ఇంకో కంపెనీ తీసుకోవాలి, లేదంటే ఫ్లైటెక్కాలి. అప్లికేషన్లు పెట్టీ పెట్టీ, "చేత్తో ఏదో ఒకటి చెయ్యకపోతే పిచ్చెక్కేలా ఉందిరా" అన్నాడు. లెక్కేశాం. పులియడానికి రెండు వారాలు, చాక్లెట్‌కి ఒక వారం, సీసాలో గ్యాస్ పట్టడానికి ఇంకో రెండు. 44వ రోజుకి రెడీ.

స్టౌట్ అంటే నల్లబీరు. అందులో వేసే చాక్లెట్ మాల్ట్‌లో చాక్లెట్ ఉండదు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని ముదురు రంగు వచ్చేదాకా వేయిస్తారు. రంగుని బట్టి ఆ పేరు. కాఫీలాంటి, కోకోలాంటి వాసన సగం దాన్నుంచే వస్తుంది.

మరి అసలు చాక్లెట్? షాపులో బార్ కొని కరిగించి పోసేద్దామనిపిస్తుంది. కానీ అందులో కొవ్వు బీరు నురగని చంపేస్తుంది. చక్కెరనేమో యీస్ట్ తినేస్తుంది. మిగిలేది చేదే. అందుకే కోకో నిబ్స్ వాడాం. అంటే వేయించి, పొట్టు తీసి, ముక్కలు చేసిన కోకో గింజలు. 5 గ్యాలన్ల బీరుకి, అంటే దాదాపు 19 లీటర్లకి, 110 గ్రాములు. మునిగేంత వోడ్కాలో నాలుగు రోజులు నానబెట్టి, పులియడం అయిపోయాక వోడ్కాతో సహా పోసేశాం. ఒక వెనీలా కాయ కూడా వేశాం. దాంట్లో తీపేం ఉండదు గానీ, ఆ వాసనకి నాలుక తీపనుకుని మోసపోతుంది.

పోర్ట్‌లాండ్ నీళ్లతో ఇంకో తిరకాసు. బుల్ రన్ అనే అడవి నుంచి వస్తాయి. ఎక్కువగా వాన నీళ్లే, ఖనిజాలు చాలా తక్కువ. నల్లగా వేయించిన బార్లీకి పులుపు గుణం ఉంటుంది. డబ్లిన్ నీళ్లలో కార్బొనేట్లు ఎక్కువ కాబట్టి ఆ పులుపు సర్దుకుంటుంది. అక్కడ స్టౌట్ అంత బాగా కుదరడానికి అదీ ఒక కారణం. మాకు చిటికెడు వంటసోడాతో పనైపోయింది. అమ్మకి చెబితే నవ్వింది, బజ్జీల పిండిలో వేసేదేగా అని.

నిబ్స్ నానబెట్టిన రోజు వాళ్ల నాన్నగారు వీడియో కాల్‌లో ఉన్నారు. పామాయిల్ తోటలో అంతరపంటగా కోకో వేశారాయన.

"ఏంట్రా, సారా కాస్తున్నారా?"

"సారా కాదు నాన్నా, బీరు. ఇక్కడ తప్పు కాదు."

"ఆ గింజలు పులిసినవేనా?"

వీడికి అర్థం కాలేదు. కాయ కొట్టాక తెల్ల గుజ్జుతో సహా గింజల్ని ఐదారు రోజులు పెట్టెల్లో పులియబెట్టి, అప్పుడు ఎండబెడతామని, పులవకపోతే చాక్లెట్ వాసనే రాదని ఆయన చెప్పారు. ఇరవై ఏడేళ్లు ఆ ఇంట్లో కొడుకుగా ఉండి ఈ సంగతి వీడికి అమెరికాలో తెలిసింది! ఆ కాల్ గంట నడిచింది. ఉద్యోగం ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

44వ రోజు సీసా తెరిచాం. నురగ గోధుమరంగులో నిలబడింది. ముందు కాఫీ, తర్వాత చేదు, గుటక దిగాక కోకో. తీపి అస్సలు లేదు. డెయిరీ మిల్క్ రుచి ఊహించుకుని వచ్చిన ఫ్రెండొకడు అక్కడే పెట్టేశాడు. నాకైతే తెగ నచ్చింది.

57వ రోజు వాణ్ని ఎయిర్‌పోర్ట్‌లో దింపాను. సూట్‌కేసులో సీసాలు పెట్టుకోలేదు, మిగిలిన నిబ్స్ పొట్లం పట్టుకెళ్లాడు. పదేళ్లుగా కోకో పండిస్తున్న మనిషి వేయించిన గింజ అప్పుడే మొదటిసారి నమిలారట. "ఇంత చేదా? దీనికేనా కిలోకింత ఇచ్చేది!" అన్నారట.

నా అల్మరాలో ఇంకా 19 సీసాలున్నాయి. నెలలు గడిచేకొద్దీ కోకో వాసన తగ్గి మాడిన బార్లీ రుచే మిగులుతుంది. వారానికి రెండు చొప్పున తాగుతున్నా.