సందేహం ఎవరి పక్షం?

2019 వసంతంలో ఒక సాయంత్రం, ఒహాయోలోని మా క్లినిక్‌లో, డెబ్బయ్యేళ్ల పెద్దాయన ఒకరు నన్ను ఒక ఉత్తరం రాసిమ్మని అడిగారు. రాయలేనన్నాను. రాసిచ్చిన చీటీలెన్నో మరిచిపోయాను గాని, రాయని ఆ ఉత్తరం మాత్రం ఇప్పటికీ గుర్తుకొస్తూనే ఉంది.

ఆయన షుగరుకు అప్పటికి ఆరేళ్లుగా నేనే మందులిస్తున్నాను. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు మొదలయ్యాయి. వచ్చిన ప్రతిసారీ తిండి గురించి, నడక గురించి చెప్పేవాణ్ని. ఆయన తలూపి వెళ్లేవారు. ఆ రోజు మాత్రం ఒక పాత అట్ట ఫైలు తెచ్చి నా బల్ల మీద విప్పారు. వియత్నాం యుద్ధకాలంలో, 1969లో, థాయిలాండ్‌లోని ఉడోర్న్ వైమానిక స్థావరంలో ఫాంటమ్ విమానాల మెకానిక్‌గా పనిచేశారట. శత్రువులు నక్కడానికి చాటు లేకుండా స్థావరం కంచె వెంబడి కలుపు మందు చల్లేవారట.

“మేం పడుకునే చోటు ఆ కంచె పక్కనే. చినుకు పడితే గోడమీద కూడా గడ్డి మొలిచే దేశం అది, డాక్టర్. ఆ కంచె వెంట మాత్రం ఏడాదంతా ఒట్టి ఎర్రమట్టే.”

మాజీ సైనికుల భత్యం కోసం ఆయన పెట్టుకున్న దరఖాస్తును అంతకుముందే ఒకసారి తిరస్కరించారు. ఈ జబ్బుకు ఆ మందు కారణమై ఉండవచ్చని నేను రెండు వాక్యాలు రాసిస్తే, మళ్లీ ప్రయత్నిస్తానన్నారు. ఫలానా మనిషికి ఫలానా మందువల్లే షుగరు వచ్చిందని ఏ పరీక్షా తేల్చలేదనీ, నాకు తెలియనిది రాయడం నా వృత్తికి తగదనీ చెప్పాను. ఆయన వాదించలేదు. ఫైలు తాడు ముడివేసుకుంటూ, “పరవాలేదు డాక్టర్. ఒకసారి కాదన్న చోటికి మళ్లీ వెళ్లడం ఎలాగూ కష్టమే,” అన్నారు.

నేను అబద్ధం చెప్పలేదు. చెప్పిన ప్రతి మాటా నిజమే. మరి ఆ రాత్రి నిద్ర ఎందుకు పట్టలేదు? నిజం చెప్పిన మనిషికి ఉండాల్సిన నిశ్చింత నాకెందుకు లేకపోయింది?

ఆ బాధతోనే చదవడం మొదలుపెట్టాను. 1962 నుంచి 1971 దాకా అమెరికా సైన్యం వియత్నాం అడవుల మీద, పొలాల మీద కలుపు మందులు కురిపించింది. వాటిలో ఎక్కువగా వాడిన దానికి, పీపాల మీది నారింజ రంగు పట్టీ వల్ల, ఏజెంట్ ఆరెంజ్ అనే పేరు వచ్చింది. అందులో కలిసిన డయాక్సిన్ ఒంటి కొవ్వులో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. జబ్బు బయటపడేనాటికి పీపా ఉండదు, చల్లిన చేయి ఉండదు. బాధితుడి దగ్గర మిగిలేది జ్ఞాపకం ఒక్కటే. అందుకే 1991లో ఒక చట్టం వచ్చింది. వియత్నాం నేల మీద కాలుపెట్టిన సైనికుడికి కొన్ని జబ్బులు వస్తే, కారణం రుజువు చేయనక్కర్లేదు. 2001లో ఆ జాబితాలో షుగరు కూడా చేరింది. కాని థాయిలాండ్‌లో పనిచేసినవాళ్లు, తమ విధులు కంచె దగ్గరేనని చూపించాల్సి వచ్చేది. కాపలా సిపాయిలకు, కుక్కలను తిప్పేవాళ్లకు అది వీలయ్యేది. మెకానిక్ కాగితాల్లో విమానాల షెడ్డు ఉంటుంది గాని, రాత్రి ఎక్కడ తల వాల్చాడో ఎవరు రాసిపెడతారు?

నన్ను సిగ్గుపడేలా చేసింది ఇంకొకటి. ఆ ఉత్తరంలో నిశ్చయంగా చెప్పమని చట్టమే నన్ను అడగలేదు. సగానికి సగం అవకాశం ఉందని వైద్యుడు అనుకుంటే చాలు. సాక్ష్యాలు రెండువైపులా సమంగా తూగితే, సందేహ లాభం సైనికుడికే చెందాలి. అర్ధరూపాయి అడిగిన మనిషిని, నా దగ్గర రూపాయి లేదని చెప్పి పంపేశాను.

మన ఊళ్లలో కొత్త మనిషి కనబడితే మొదట అడిగేది “మీదే ఊరు?” అని. ఆ మాట వింటూ పెరిగిన నేను, ఆరేళ్లలో ఆయన్ని సిగరెట్ల గురించి, తిండి గురించి, తల్లిదండ్రుల జబ్బుల గురించి అడిగాను. ఇరవై ఏళ్ల వయసులో ఎక్కడున్నారని ఒక్కసారీ అడగలేదు. ఆయన అంతట ఆయన చెప్పినప్పుడు కూడా, గడ్డి మొలవని ఆ నేలను నేను సాక్ష్యంగా చూడలేకపోయాను.

2022 జులై చివర్లో, విషపదార్థాల బారిన పడ్డ మాజీ సైనికుల కోసం తెచ్చిన కొత్త బిల్లు సెనేట్‌లో ఆగిపోయినప్పుడు, మాజీ సైనికులు వాషింగ్టన్‌లో క్యాపిటల్ మెట్ల మీదే రాత్రింబవళ్లు కూర్చున్నారు. ఆగస్టు 2న 86 – 11 ఓట్లతో అది గట్టెక్కింది. 10న చట్టమైంది. దానికి మా ఒహాయోకు చెందిన హీత్ రాబిన్సన్ పేరు పెట్టారు. ఇరాక్‌లో చెత్త తగలబెట్టే గోతుల పొగ పీల్చి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2020లో కన్నుమూసిన సైనికుడాయన. కారణం రుజువు చేయనక్కర్లేని వెసులుబాటును ఆ చట్టమే థాయిలాండ్ స్థావరాల్లో పనిచేసినవాళ్లకూ ఇచ్చింది. కంచె దగ్గరా దూరమా అన్న ప్రశ్న ఇక లేదు.

మరుసటి జనవరిలో పెద్దాయన అదే ఫైలుతో వచ్చారు. దరఖాస్తు పెట్టుకోమన్నాను. “నేనిప్పుడు ఉత్తరం రాస్తాను,” అని కూడా అన్నాను. “ఇప్పుడక్కర్లేదట, డాక్టర్,” అన్నారు, నిష్ఠూరమేమీ లేకుండానే. కొన్ని నెలలకు భత్యం మంజూరైంది. చికిత్సకూ దారి దొరికింది. చట్టం వచ్చిన నాటి నుంచి లెక్కగట్టారు. అంతకు ముందరి మూడేళ్లు ఆ లెక్కలోకి రాలేదు. నేను ఉత్తరం రాసి ఉంటే అవి దక్కేవో లేదో చెప్పలేను. దక్కేందుకు ఉన్న అవకాశాన్ని మాత్రం నేనే మూసేశాను.

అక్కర్లేదన్న ఆ మాటను చాలాకాలం మనసులో తిప్పుకున్నాను. ముందే నమ్మమని ఒక చట్టం చెప్పాల్సి వచ్చిందంటే, నమ్మాల్సిన చోట నాలాంటివాళ్లు నమ్మలేదనే కదా అర్థం. సందేహించడం తప్పని నేననను. అది నా చదువు నాకిచ్చిన పనిముట్టు. కాని తెలియదనే ప్రతిసారీ, ఆ తెలియనితనం బరువును ఎవరో ఒకరి భుజాన పెడుతూనే ఉంటాం. నేను దాన్ని జబ్బు మనిషి మీద పెట్టి, నిజాయితీ అనుకున్నాను.

ఇప్పుడు మాజీ సైనికుల ఆసుపత్రుల్లో, వచ్చిన ప్రతి ఒక్కరినీ విషపదార్థాలు సోకిన అనుభవం ఉందా అని అడుగుతున్నారు. నేనూ నా గదిలో అడుగుతున్నాను, ఎక్కడ పనిచేశారు, అక్కడి నేల ఎలా ఉండేది అని. మనలో చాలామంది చేతికి ఎప్పుడో ఒకప్పుడు, ఇంకొకరి కష్టం మీద పెట్టాల్సిన సంతకం వస్తుంది. ఆ సమయంలో పూర్తిగా తెలిసి ఉండటం అరుదు. తెలిసిన సగాన్ని సగమని రాసి, సంతకం చేసి ఇవ్వడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.