పాతబస్తీ చెట్లకు దస్తావేజు

మేముండే ఒహైయో రాష్ట్రంలో అన్నిటికంటే పెద్ద చెట్లను చూడాలనుకునేవాళ్ళు అడవులకంటే ముందు ఒక శ్మశానానికి వెళ్ళడం మంచిది. సిన్సినాటి నగరంలోని స్ప్రింగ్ గ్రోవ్ 1845లో ఏర్పడిన శ్మశానవాటిక. దాన్ని మొదలుపెట్టినవాళ్ళు ఆ ఊరి ఉద్యాన సంఘం సభ్యులు. 1850లలో అడాల్ఫ్ స్ట్రౌచ్ అనే తోటల రూపశిల్పి అక్కడికి వచ్చి సమాధుల చుట్టూ ఉన్న ఇనుప కంచెలు తీయించి, చెరువులు తవ్వించి, దేశదేశాల చెట్లు నాటించాడు. వాటిలో అనేకం ఈనాడు తమ జాతిలో రాష్ట్రంలోకెల్లా పెద్దవిగా నమోదై ఉన్నాయి. ఇందులో వింతేమీ లేదు. సమాధులున్న నేలను మళ్ళీ దున్నరు, అమ్మరు, దానిమీద మేడలు కట్టరు. చెట్టుకు కావలసింది నేల, నీళ్ళు, మనుషులు తన జోలికి రాని నూటయాభై ఏళ్ళు. మొదటి రెండూ చాలాచోట్ల దొరుకుతాయి. మూడోది నగరంలో దొరికే చోటు దాదాపు శ్మశానమొక్కటే. పైగా ఇక్కడ సమాధి స్థలానికి కట్టిన సొమ్ములో కొంత శాశ్వత నిధిలోకి పోతుంది, దాని రాబడితో చెట్లను సాకుతారు.

ఆ చెట్లను కాపాడింది పవిత్రత ఒక్కటే కాదు, కొలత కూడా. మేరీలాండ్ రాష్ట్రపు మొదటి అటవీ అధికారి ఫ్రెడ్ బెస్లీ 1925లో ఒక తేలిక పద్ధతి పెట్టాడు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున మాను చుట్టుకొలత అంగుళాల్లో, చెట్టు ఎత్తు అడుగుల్లో, కొమ్మల విస్తారపు సగటులో నాలుగోవంతు అడుగుల్లో తీసుకుని మూడూ కలిపితే ఆ చెట్టుకు వచ్చిన అంకె తెలుస్తుంది. 1940 నుంచి దేశమంతటికీ ఆ లెక్కనే ఒక జాబితా నడుస్తోంది. మేరీలాండ్‌లోని వై ఓక్ అనే మహావృక్షం పేరుకెక్కాక, 1939లో ఆ రాష్ట్ర ప్రభుత్వం చెట్టునూ అది నిలిచిన నేలనూ డబ్బు పెట్టి కొన్నది. 2002లో గాలివానకు కూలేదాకా ఆ చెట్టు ప్రజల ఆస్తిగా బతికింది. అంకె లేని చెట్టు కోసం ఏ ప్రభుత్వమూ ఖజానా తెరవదు.

హైదరాబాద్ పాతబస్తీకి కావలసింది సరిగ్గా ఇలాంటి జాబితాయేనని నా వాదన. దాన్ని మొదలుపెట్టవలసిన చోటు ఖబ్రస్తాన్లు, దాయిరాలనే పాత శ్మశానవాటికలు, దర్గాలు. 1591లో ఈ నగరానికి రూపురేఖలు దిద్దిన గోల్కొండ పేష్వా (ప్రధాని) మీర్ మోమిన్ ఆస్తరాబాదీ నగరంతోపాటే ఒక దాయిరాను కూడా ఏర్పరచాడు. కర్బలా మట్టి తెప్పించి ఆ నేలలో కలిపించాడని చెప్పుకుంటారు. అతని సమాధి ఉన్న ఆ నేలలోనే సాలార్‌జంగ్ వంశీకుల సమాధులూ ఉన్నాయి. బతికినవాళ్ళకు వీధులు గీసిన మనిషే పోయినవాళ్ళకూ చోటు గీశాడు. నాలుగు శతాబ్దాల్లో ఆ వీధులు ఎంత మారాయో అందరికీ తెలుసు. కానీ ఇలాంటి శ్మశానాల్లా వక్ఫ్ చేసిన నేల శాశ్వతంగా దైవానికి చెందుతుంది, అమ్మడానికి వీల్లేదు. ఆచారంలో ఉన్న ఈ నియమం చెట్టుకు ఒహైయో వాళ్ళు నిధితో, చట్టంతో కల్పించిన రక్షణనే కల్పిస్తుంది. సమాధి మీద పచ్చికొమ్మ ఉంచిన ప్రవక్త ఉదంతం ముస్లిం ఇళ్ళలో తరతరాలుగా చెప్పుకునేదే. చెట్టు నాటడం దానంతో సమానమన్న మాటా అంతే.

ఇది ఒక్క మతానికి సంబంధించిన విషయమూ కాదు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను పుట్టుకే ఒక చితితో ముడిపడి ఉంది. 15వ శతాబ్దంలో భర్తతో సహగమనం చేసిన తిమ్మమ్మ చితికి పాతిన గుంజల్లో ఒకటి చిగిర్చి మర్రి అయిందని అక్కడి జనం నమ్మకం. కొమ్మల విస్తారంలో ప్రపంచంలోకెల్లా పెద్ద చెట్టుగా దాన్ని 1989లో గిన్నిస్ పుస్తకం గుర్తించింది. 19 వేల చదరపు మీటర్లకు పైగా పరుచుకున్న నీడ అది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కింద ఒక దర్గా ఉంది. తెలుగు నేలమీద పేరుమోసిన రెండు మర్రిమానులూ మరణించినవాళ్ళ స్మృతిని ఆనుకునే నిలవడం కాకతాళీయం అనుకోలేను. గొడ్డలి పట్టిన చేతిని ఆపిన భయభక్తులే వాటిని వందల ఏళ్ళపాటు కాచాయి.

హైదరాబాద్ వృక్షాల్లో కొలతకెక్కినది ముఖ్యంగా ఒకటే. గోల్కొండ నయా ఖిల్లాలోని బావోబాబ్, స్థానికులు హథియాన్ కా ఝాడ్ అని పిలిచేది. అది శ్మశానంలో లేదుగానీ కుతుబ్‌షాహీ సమాధులకు పొరుగునే ఉంది. మాను చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. ఆఫ్రికా నుంచి అరబ్బు వర్తకులో ఫకీర్లో తెచ్చి సుల్తానుకు కానుకగా ఇచ్చారని చెబుతారు. తొర్రలో నలభైమంది దొంగలు దాక్కున్నారన్న కథా ఉంది. కథలకంటే నాకు ఇక్కడ ముఖ్యమైనది ఆ అంకె. 2018లో శాస్త్రజ్ఞుల బృందమొకటి ఆఫ్రికాలోని అతి పురాతన బావోబాబ్‌లు 13లో 9, అతి పెద్దవి 6లో 5 అంతకుముందు పన్నెండేళ్ళలోనే పూర్తిగా చచ్చిపోవడమో, వాటి పాత భాగాలు కూలిపోవడమో జరిగిందని ప్రకటించింది. పాత కొలతలు ఉండబట్టే ఆ నష్టం లోకం కంటబడింది. గోల్కొండ చెట్టుకు రేపేదైనా జరిగితే మనకూ తెలుస్తుంది. పాతబస్తీ దాయిరాలో ఒక చింత ఎండిపోతే ఎవరికి తెలుస్తుంది? పక్కింటివాళ్ళకు తెలుస్తుంది, వంటచెరకుగా పోయాక వాళ్ళూ మరిచిపోతారు.

చింత అనగానే మూసీ ఆవలి ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చెట్టును తలచుకోకుండా ఉండలేం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు దాదాపు 150 మంది ఆ చింత కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఈ చెట్టుకు ఒక గాథ ఉంది కనుక ఏటా దాని కింద జనం చేరి మృతులను స్మరించుకుంటారు. గాథ లేని చెట్లు ఎన్నో ఉంటాయి. వాటికి కనీసం అంకె అయినా దక్కాలి.

మనకు లెక్కలు రావని ఎవరూ అనలేరు. 2015లో మొదలైన హరితహారం లక్ష్యమే 230 కోట్ల మొక్కలు. మొక్కల పెంపకంలో కృషికి హైదరాబాద్‌కు 2021లో ప్రపంచ వృక్ష నగరమన్న గుర్తింపు కూడా వచ్చింది. ఆ శ్రమను నేను చిన్నచూపు చూడను. కానీ ఆ లెక్కంతా నాటినవాటిది, నిలిచినవాటిది కాదు. 403 జాతుల చెట్ల కొలతలను పరిశీలించి 2014లో వెలువడిన ఒక అధ్యయనం, చాలా జాతుల్లో చెట్టు పెద్దదయ్యేకొద్దీ ఏటా అది కూడబెట్టుకునే కర్బనం కూడా పెరుగుతూనే పోతుందని తేల్చింది. ముసలి చెట్టు పనైపోయినదన్న అభిప్రాయం తప్పు. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో కొత్తగా నాటేందుకు జానెడు నేల దొరకదు. అక్కడ నీడంటే ఉన్న చెట్ల నీడే, ఉన్న చెట్లంటే చాలామటుకు మసీదుల, దర్గాల, ఖబ్రస్తాన్ల చెట్లే. మే నెల ఎండలో ఆ గల్లీల్లో బండి లాగేవాడికి హరిత శాతాలతో పనిలేదు.

వాల్టా చట్టం ఉంది కదా, చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి కదా అనవచ్చు. ఉంది. కానీ ఆ చట్టం చెట్టు దగ్గరికి వచ్చేది దాన్ని కొట్టాలని ఎవరో నిర్ణయించుకున్న తర్వాత. ముందే పేరూ కొలతా నమోదైన చెట్టు సంగతి వేరు. చేవెళ్ళ రోడ్డు మర్రిచెట్లు దీనికి దగ్గరి రుజువు. బీజాపూర్ రహదారి వెడల్పు చేయాలన్నప్పుడు అక్కడి స్వచ్ఛంద కార్యకర్తలు తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లకు ఒక్కొక్కదానికీ స్థానం గుర్తించి జాబితా కట్టారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు వాదన ఒక్కో చెట్టు గురించి నడవగలిగిందంటే కారణం ఆ జాబితాయే. మహారాష్ట్ర 2021లో యాభై ఏళ్ళు దాటిన చెట్లను వారసత్వ వృక్షాలుగా గుర్తించాలని నిర్ణయించింది. మన నగరానికి ఇది కొత్త కూడా కాదు. ఒకప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా వారసత్వ జాబితాలో కట్టడాలతోపాటు బండరాళ్ళను కూడా చేర్చిన ఊరు మనది. రాయికి ఇచ్చిన గౌరవం చింతకు ఇవ్వలేమా?

పేరుకెక్కితే చెట్టుకే ముప్పు అనేవాళ్ళ మాటను మాత్రం తేలిగ్గా తీసెయ్యలేను. స్కాట్లాండ్‌లో ఫోర్టింగల్ అనే పల్లె చర్చి శ్మశానంలో ఒక పురాతన యూ వృక్షం ఉంది. 18వ శతాబ్దంలో కొలిచినప్పుడు దాని చుట్టు 50 అడుగులు దాటింది. ఆ సంగతి తెలిసి వచ్చినవాళ్ళు జ్ఞాపకంగా ముక్కలు విరుచుకుపోతూ ఉంటే చుట్టూ గోడ కట్టవలసి వచ్చింది. మన పిల్లలమర్రి సంగతీ అంతే. విహారానికి వచ్చినవాళ్ళు ఊడలకు వేలాడారు, బెరడు మీద పేర్లు చెక్కారు. చెదలు పట్టి పెద్దకొమ్మ విరిగాక 2017 డిసెంబరులో రాకపోకలు ఆపి, సెలైన్ సీసాలతో మందు ఎక్కించి బతికించుకున్నారు. అయితే ఈ రెండుచోట్లా చేటు చేసింది కొలత కాదు, కాపలా లేని సందర్శన. కాలిఫోర్నియాలో 4,800 ఏళ్ళు దాటిన మెతూసెలా అనే పైన్ వృక్షం కచ్చితంగా ఏదో అటవీశాఖ బయట పెట్టదు. చెట్టు మాత్రం వాళ్ళ లెక్కలో భద్రంగా ఉంది. జాబితా వేరు, దారి చూపే బోర్డు వేరు. ఖబ్రస్తాన్ చెట్ల పద్దు ఆ నేలను చూసుకునే ముతవల్లి దగ్గర ఒకటి, వక్ఫ్ బోర్డు దగ్గర ఒకటి, అటవీశాఖ దగ్గర ఒకటి ఉంటే చాలు. పర్యాటకుల కరపత్రంలోకి ఎక్కించనక్కర్లేదు. పోయినవాళ్ళు నిద్రించే చోటును ఉద్యానవనం చేయమని నేను అడగడంలేదు. చెట్టును కొలిచేది అక్కడివాళ్ళే అయితే పవిత్రతకు వచ్చే లోటు కూడా లేదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. పాతబస్తీలో ఖననానికి చోటు చాలడంలేదు. అయినవాళ్ళను పూడ్చడానికి ఆరడుగుల నేల కోసం నాలుగు ఖబ్రస్తాన్లు తిరిగే కుటుంబానికి చెట్టు వేళ్ళ చుట్టూ ఖాళీ వదలమని చెప్పడం సులభం కాదు. దూరదేశంలో కూర్చుని చెప్పడం మరీ సులభం కాకూడదు. అయినా ఆ చోటును తినేస్తున్నది చెట్లా అన్నది చూడాలి. ఖబ్రస్తాన్ల హద్దులు ఆక్రమణలతో కుంచించుకుపోతున్నాయన్నది పాతబస్తీలో ప్రతివాళ్ళూ చెప్పే మాట. గోడ జరుగుతుంది, దుకాణం వెలుస్తుంది, పాత గోరీ ఒకటి మాయమవుతుంది. నూటయాభై ఏళ్ళ చింతను రాత్రికి రాత్రి జరపడం సాధ్యంకాదు. హద్దుకు ఆనుకుని ఉన్న చెట్టు ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో రాసి పెట్టుకుంటే, రేపు హద్దు తగాదాలో అది కాగితం పలికే సాక్ష్యమవుతుంది. చెట్టు పద్దు నేలకూ దస్తావేజే. పోతే, వేళ్ళు దెబ్బతినకుండా కొత్త గోరీలను కాస్త ఎడంగా తవ్వడం, తరాలు గడిచిన చోట్ల మళ్ళీ ఖననం చేసే పాత పద్ధతిని పాటించడం వంటివి ఆ కుటుంబాలూ పెద్దలూ కూర్చుని తేల్చుకోవలసినవి. అందులో బయటివాళ్ళ పెత్తనం పనికిరాదు.

అమెరికా సూత్రాన్ని యథాతథంగా తెచ్చుకోవాలని కూడా లేదు. అది ఒంటి మాను చెట్లకు సరిపోతుంది. ఊడలు దిగి వంద మానులైన మర్రికి ఎక్కడ టేపు చుట్టాలి? పిల్లలమర్రికి ఆ లెక్క కడితే తప్పుడు అంకె వస్తుంది. మర్రికి నీడ వైశాల్యం, చింతకూ వేపకూ చుట్టుకొలత, బావోబాబ్‌కు తొర్ర లోపలి కొలత కూడా కావాలి. వయసు గురించి తొందరపడి రాయకపోవడమే మంచిది. ఉష్ణమండలపు చెట్లలో అనేకం ఏటేటా స్పష్టమైన వలయం వేయవు, మాను డొల్లయితే లెక్కపెట్టడానికి వలయాలే మిగలవు. వయసు ఊహ, చుట్టుకొలత నిజం. విదేశపు చెట్టుకు మనమెందుకు లెక్క కట్టాలి అనేవాళ్ళున్నారు. బావోబాబ్ ఆఫ్రికాది, చింత కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందనే వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. మీర్ మోమిన్ ఇరాన్ నుంచి వచ్చాడు. ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ వేళ్ళూనినవాళ్ళతోనే ఈ ఊరు ఊరయింది.

కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణ 2013లో మొదలై 2024 దాకా సాగింది. ఆగాఖాన్ ట్రస్టూ ప్రభుత్వమూ కలిసి గుమ్మటాలను కొలిచి, గీసి, సున్నం పనిని పాత పద్ధతిలో తిరిగి చేయించాయి. అలాంటి చూపు చెట్ల మీద పడటానికి అంత డబ్బు అక్కర్లేదు. ఒక టేపు, ఒక నోటుపుస్తకం, స్థానం చూపే ఫోను చాలు. షబే బరాత్‌కు ముందు పాతబస్తీ కుటుంబాలు ఖబ్రస్తాన్లకు వెళ్ళి గోరీలు శుభ్రం చేసుకుంటాయి. ఏటా ఎలాగూ అందరూ చేరే రోజులవి, టేపు పట్టడానికి పిల్లలూ ఉంటారు. ఆ పండుగ చాంద్రమానాన్ని అనుసరించి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కనుక కొలతతోపాటు ఇంగ్లీషు తేదీ కూడా రాయాలి. నీటిని దాచుకునే మానులు వానల్లో కాస్త ఉబ్బి, ఎండల్లో తగ్గుతాయి. తేదీ లేకపోతే పదేళ్ళ తర్వాత చూసినవాళ్ళకు చెట్టు పెరిగిందో వాన పడిందో తెలియదు.