తెరమీది యక్షరములు

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నల్లబల్లపై వ్రాయుట ప్రత్యేకముగా నేర్పిరి. వ్రాసిన పిమ్మట గది చివరకు పోయి, కడపటి బల్లపై గూర్చుండి, మన వ్రాతను మనమే చదువుకొనవలెనని మా గురువుగారి యాజ్ఞ. ఇరువది యేండ్లు దానిని పాటించితిని. ప్రొజెక్టరు చేతికి రాగానే మఱచితిని.

ఎనిమిదవ తరగతికి మూసీనదిని గూర్చి పాఠము చెప్పవలసివచ్చెను. అది మన యనంతగిరి గుట్టలలో బుట్టిన నది కదా యను నభిమానముతో మూడు రాత్రులు కంప్యూటరు ముందు గూర్చుండి పవర్‌పాయింటులో స్లైడులు సిద్ధపఱచితిని. ఒక్కొక్కదానిపై పదునాలుగు పంక్తులు. వాని వెనుక అనంతగిరి యడవి చిత్రము. పచ్చని చెట్లపై నెఱ్ఱని యక్షరములు. నా కంటి కది మిక్కిలి సొగసుగా దోచెను.

కడపటి బల్లమీది బాలుని లేపి మొదటి పంక్తి చదువుమంటిని. వాడు కన్నులు చిట్లించి, "మూసీనది అనంతగిరి గుటలలో పుట్టినది" అని చదివెను. తరగతి యంతయు ఘొల్లున నవ్వెను. వాడు తల వంచుకొని కూర్చుండెను. ఆ గంటలో మఱల నెత్తలేదు. తక్కినవారు పంక్తులన్నిటిని పుస్తకములలోని కెక్కించుకొనుచుండిరి. 1908 సెప్టెంబరు 28వ తేదీనాటి వఱదలో హైదరాబాదు పడిన పాట్లు నేను చెప్పుచుండగా విన్నవా డొక్కడును లేడు.

సాయంకాలము ఒంటరిగా ఆ బల్లపై గూర్చుండి చూచితిని. తప్పు వానిది కాదు. పంక్తులు కిక్కిఱిసియుండుటచే పై వరుసలోని టవత్తు క్రింది వరుసలోని గుడిలో గలిసిపోయినది. ఆంగ్లాక్షరములకు సరిపడు నెడము తెలుగునకు చాలదు. మన యక్షరమునకు నెత్తిన గుడియు, కాలిక్రింద వత్తును గలవు. (ఇది యెఱుగక పెండ్లి శుభలేఖలను సైతము పాడుచేయుచున్నారు.)

మఱునాటికి స్లైడులు మూడే మిగిలినవి. మొదటిదానిపై తెల్లని నేలమీద నొక నీలపు గీత. దానిపై మూడు చుక్కలు: అనంతగిరి, హైదరాబాదు, మూసీ కృష్ణలో గలియు వాడపల్లి. రెండవదానిపై 1908 అను అంకెలు మాత్రమే. మూడవది ఉస్మాన్‌సాగర్ చిత్రము, క్రింద 1920 అను సంవత్సరము. విశ్వేశ్వరయ్యగారి సలహా మొదలగున వన్నియు నోటితోనే చెప్పితిని. వఱద సంగతి వచ్చినపుడు 'బి' మీట నొక్కి తెరను నల్లగా జేసితిని. పిల్లల చూపులు నావైపు తిరిగినవి.

అంతకు ముందే, "నిన్నటి తప్పు నాది" యని తరగతి యెదుట నొప్పుకొని, ఆ బాలుని చేతికి కఱ్ఱ నిచ్చియుంటిని. వాడు నీలపు గీత వెంబడి దానిని మెల్లగా నడిపించుకొనిపోయి, వాడపల్లి చుక్కపై నిలిపి, నావైపు తిరిగి,

"మన గుట్టమీద పడ్డ వాన గింత దూరం పోతదా, సార్?" అని యడిగెను.