మరి నీ ఇంటి వెనక కొండో?

మా ఆడపడుచు కొడుకు అమెరికాలో డెన్వర్‌లో ఉంటాడు. చలికాలం వచ్చిందంటే చాలు, కాళ్ళకి పొడుగాటి స్కీలు కట్టుకుని మంచుకొండల మీద జారడానికి బయల్దేరతాడు. అదీ అందరూ వెళ్ళే చోటికి కాదు, ఎవరూ లేని వైపు! "ఆ మంచు విరిగి మీద పడితే ఏం గానురా?" అని మా వదిన ఫోనులోనే ఏడుపు.

వాడు చెప్పింది నాకు వంటింటి లెక్కలో అర్థమైంది. పళ్ళెంలో పంచదార చల్లి, పైన మందంగా వత్తిన చపాతీ పరిచి, మెల్లగా వంచి చూడండి. కొంత వాలు దాకా కదలదు. ఆ తర్వాత అంతా ఒక్కసారే జారుతుంది! మంచూ పొరలు పొరలుగానే పడుతుందట. అడుగున పంచదార పలుకుల్లాంటి పొర ఉండి, పైపొర బరువెక్కిందా, మనిషి కాలు పెట్టడమే ఆలస్యం. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఈ భయం మరీ ఎక్కువ. అందుకే ముందు గొయ్యి తవ్వి పొరలు చూస్తారు. ప్రమాదం ఎంతుందో అయిదు స్థాయిల్లో అక్కడి ప్రభుత్వం చలికాలమంతా రోజూ చెబుతుంది. మంచు కింద పడ్డవాళ్ళని పావుగంటలో తియ్యకపోతే బతకడం కష్టమట. అందుకని వీపున పార కూడా మోస్తాడు.

అంతా చెప్పి, "మరి నీ ఇంటి వెనక కొండ ఎప్పుడైనా చూసుకున్నావా అమ్మా?" అన్నాడు. వదిన నోట మాట లేదు!

వాళ్ళది చిట్టినగర్ వైపు కొండమెట్ల మీద ఇల్లు. 2020 అక్టోబరు 21న, దసరా రోజుల్లోనే, ఇంద్రకీలాద్రి మీద కొండచరియ విరిగింది. 2024 ఆగస్టు 31న జోరువానలో మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటరు దగ్గర బండలు ఇళ్ళ మీద పడి ప్రాణాలే పోయాయి. మన బెజవాడ కొండలు చూడ్డానికే గట్టివి. పగుళ్ళలోకి వాన దిగి, బండల మధ్య మట్టి కాస్తా కొట్టుకుపోతే పట్టు తప్పుతాయి. పైగా ఇళ్ళకోసం అడుగు చెక్కేసింది మనమే కదా!

భారీ వానంటే ఫోనుకి మెసేజి వస్తుంది గానీ, మీ పెరటి బండ సంగతి అందులో ఉండదు. అది మీరే చూసుకోవాలి. కొత్తగా పగులు వచ్చిందా, చెట్టో స్తంభమో ఒరిగిందా, చిన్న రాళ్ళు దొర్లుతున్నాయా, ఎన్నడూ లేని చోట బురదనీళ్ళు ఊరుతున్నాయా? ఒక్కటి కనబడినా ఆ రాత్రి అక్కడ పడుకోకండి.

"ఇల్లొదిలి ఎలా వస్తానే? సామానంతా ఏం గాను?" అని వదిన చాన్నాళ్ళు మొండికేసింది. మొన్నటి ముసురులో మాత్రం పెరటి గోడ పక్కన మట్టి నెర్రె విచ్చిందని, చీకటి పడకముందే మా ఇంటికొచ్చేసింది. చేతిలో ఇంటి కాగితాల సంచీ, చంకలో ఆవకాయ జాడీ!