రెండుగా చీలిన ఐత్వం

మా అమ్మ మంగళహారతుల పుస్తకాన్ని ఇప్పుడు మూడు ఇళ్ళలో దాచుకుంటున్నాం. అక్కయ్య తన విండోస్ యంత్రంలో టైపు చేస్తుంది. ఆ పాటలు లినక్సు నడిచే నా కంప్యూటరుకు వచ్చి, అక్కడినుంచి తమ్ముడి పాత మ్యాకుకు చేరతాయి. ఈ రాకపోకల కోసం ఒక చిన్న స్క్రిప్టు వ్రాసుకున్నాను. పాటలు మోయడం దానికి తేలికే, చిరునామాలు చదవడమే కష్టం.

యూనిక్సు తొలినాళ్ళ నుంచీ ఫోల్డరుకూ ఫైలుకూ నడుమ "/" గీతనే వాడింది. 1981లో వచ్చిన తొలి డాస్‌లో ఫోల్డర్లే లేవు. ఆ గీతను ఆదేశాల వెంట తగిలించే ఐచ్ఛికాలకు వాడుకున్నారు. 1983లో డాస్ 2.0 ఫోల్డర్లను తెచ్చేసరికి ఆ గీత ఖాళీగా లేదు గనుక "\" తో సరిపెట్టుకున్నారు. ఆనాటి సర్దుబాటు నేటికీ మన నెత్తిన ఉంది. లినక్సుకు "\" ఒక మామూలు అక్షరం. "హారతులు\లక్ష్మి" అని పంపితే హారతులు అనే ఫోల్డరులోకి లక్ష్మి చేరదు, ఆ పొడుగు పేరుతోనే ఒక ఫైలు పుడుతుంది. పేర్లను ముక్కలుగా ఉంచుకొని, చేరవలసిన యంత్రాన్ని బట్టి తగిన గీతతో కలపడమే దీనికి విరుగుడు. పైథాన్‌లోని పాత్‌లిబ్ ఆ పని చేసిపెడుతుంది.

స్క్రిప్టు చివర ఒక ఊడ్పు పని కూడా ఉంది: తమ్ముడు వద్దనుకొని తీసేసిన నకళ్ళను నా దగ్గరా తుడిచివేయడం. తుడిచేముందు జాబితా మాత్రం చూపించమన్నాను. తొమ్మిది పాటలు వచ్చాయి. ఫోను చేసి అడిగితే, "అన్నీ ఉన్నాయి అన్నయ్యా, ఎదురుగానే కనిపిస్తున్నాయి" అన్నాడు తమ్ముడు. పేర్లు వరుసగా చదివాను. కైలాసవాసుడు, చైత్రగౌరి, శైలపుత్రి... అన్నిటిలోనూ ఐత్వమే.

ఐత్వానికి యూనికోడులో సొంత సంకేతం ఉంది. పైనున్న ఎత్వం, కిందనున్న వంపు అని రెండు సంకేతాలుగానూ దాన్ని వ్రాయవచ్చు. యూనికోడు దృష్టిలో రెండూ సమానమే. తెలుగు గుణింతపు గుర్తుల్లో ఇలా విడిపోయేది ఇదొక్కటే. మ్యాకు పాత ఫైలు వ్యవస్థ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసి దాచుకుంటుంది. లినక్సు ఇచ్చిన బైట్లను ఇచ్చినట్టే ఉంచుతుంది. కంటికి ఒకటే చైత్రం, స్క్రిప్టుకు రెండు! (ఆపిల్ 2017లో తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్ పేరును ఇచ్చిన రూపంలోనే ఉంచుతుంది.)

పోల్చేముందు రెండు వైపుల పేర్లనూ ఎన్‌ఎఫ్‌సి అనే కలిపిన రూపానికి తెచ్చే పంక్తి ఒకటి చేర్చాను. జాబితా ఖాళీ అయింది.

ఇంకొక ఇరుకు కూడా ఉంది. లినక్సులో సాధారణంగా ఫైలు పేరుకు 255 బైట్లు హద్దు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటికి 3 బైట్లు కావాలి. అంటే 85 సంకేతాలే, గుణింతాలూ పొల్లులతో కలిపి. పాట తొలి పాదమంతా పేరుగా పెట్టే అక్కయ్య అలవాటుకు అది చాలదు.

అమ్మ చేతివ్రాతలో ఐత్వం ఎన్నడూ విడిపోలేదు. యంత్రం లెక్క యంత్రానిది. దాని చేతికి తుడిచే అధికారం ఇచ్చేముందు, మన అక్షరాలు దానికెలా కనబడుతున్నాయో మనమే చూసుకోవాలి. మీ ఇళ్ళలోనూ పెద్దల వ్రాతలుంటే, ముందుగా ఐత్వం ఉన్న పేర్లను పంపి పరీక్షించండి.