నిప్పురవ్వ

మా నాన్నగారి నాటి కిరసనాయిలు ఇంజను నిరుడు వేసవిలో మొరాయించింది. పాత ఇనుముకు వేసేద్దామన్నాడు మా అబ్బాయి. నాకు మనసొప్పలేదు.

ఒకనాటి శిష్యుడు, నేటి మెకానిక్కు, వచ్చాడు. ప్లగ్గు విప్పి, ఇంజనుకు ఆనించి తాడు లాగాడు. రవ్వ లేదు. కొత్త ప్లగ్గుతోనూ లేదు. ఆపుడు స్విచ్చి తీగ విడదీశాడు. అయినా లేదు. ఫ్లైవీలు కింద మాగ్నెటో పాయింట్లు మకిలి పట్టి ఉన్నాయి. గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలుతో తుడిచి, నడుమ ఎడం సరిచేశాడు.

"ఇవి కలిసున్నప్పుడు రవ్వ రాదండీ మాస్టారూ, విడిపోయే క్షణంలోనే వస్తుంది."

నీలిరవ్వ మెరిసింది.

సంధిసూత్రాలు అప్పగించలేదని ఆ అరచేతులనే ఒకప్పుడు బెత్తంతో కొట్టాను. కూలి బలవంతాన ఇచ్చాను గాని, మన్నించమని అడగలేకపోయాను. ఇక్కడ వ్రాసుకుంటున్నాను.