ఒక కప్పు, రెండు పలహారాలు

హాంకాంగ్‌లో సెమినార్ ముగిసిన మర్నాడు పొద్దున్నే సెంట్రల్‌లోని ఒక పాత టీ హౌస్‌కి ఒక్కదాన్నే వెళ్లాను. గుమ్మంలోనే కాళ్లు ఆగిపోయాయి. మన హోటళ్లలో నా కళ్లు ముందు 'ఫ్యామిలీ రూమ్' బోర్డు కోసమే వెతుకుతాయి. అక్కడ అలాంటిదేమీ లేదు. ముక్కూమొహం తెలియనివాళ్ల బల్ల దగ్గరే ఒక ఖాళీ కుర్చీ చూపించారు.

పక్కన డెబ్బై దాటిన ఒకావిడ ఒంటరిగా పేపరు చదువుకుంటోంది. ముందు బో లే టీ, వెదురుబుట్టలో హార్ గావ్‌లు - పల్చటి పిండిపొరలో చుట్టి ఆవిరిపట్టిన రొయ్యలు. డిమ్ సమ్ తినడానికి వెళ్లడాన్ని కాంటనీస్‌లో 'యామ్ చా' అంటారు, అంటే టీ తాగడం. 'ఒక కప్పు, రెండు పలహారాలు' అక్కడి నానుడి. సర్వరు టీ పోస్తే ఆవిడ తలెత్తకుండానే వేళ్లతో బల్లమీద తట్టింది. అది కృతజ్ఞత చెప్పడం.

ఇంటిల్లిపాదికీ ఇడ్లీలు వడ్డించిన మా అమ్మ ఏ హోటల్లోనూ ఇలా ఒక్కతే కూర్చుని తిని ఎరగదు. స్త్రీల కథల్లో వంటింటి మీద పిహెచ్‌డి చేసిన నేను, ఎక్కడ కూర్చుని తినాలనుందని అమ్మని ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు చాలాచోట్ల కాగితం మీద టిక్కు పెట్టి ఆర్డరివ్వడమే. ఇక్కడింకా బండి తోసుకుంటూ, పలహారాల పేర్లు అరుస్తూ ఒకామె వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది. నా కార్డు మీద ముద్ర వేసింది. నేనూ బల్లమీద తట్టాను. ఆమె చూడలేదు, అప్పటికే పక్క బల్లకి వెళ్లిపోయింది.

పెద్దావిడ తీరిక వెనుక ఈమె కాళ్లున్నాయి. నా చదువు వెనుక అమ్మ కాళ్లున్నట్టే.